ముక్కులో పాపిలోమా, రిపోర్టులో హెచ్‌పీవీ: మళ్లీ తిరగబెట్టకుండా ఏం చూసుకోవాలి

మా నాన్నకి ఎడమ ముక్కు రెండేళ్లపాటు దిబ్బడగానే ఉంది. కుడివైపు మాత్రం శుభ్రంగా గాలి ఆడేది. జలుబు అనుకున్నాం, ఎలర్జీ అనుకున్నాం, ఇంటి పక్కన కడుతున్న బిల్డింగ్ దుమ్ము అనుకున్నాం, ఆవిరి పట్టించాం, స్ప్రేలు కొట్టించాం. చివరికి ఒక ఆసుపత్రిలో "కండ పెరిగింది, చిన్న ఆపరేషన్" అని చెప్పి తీసేశారు. తీసిన కండని బయాప్సీకి పంపలేదు, పంపాలని మాకూ తెలియదు. పద్నాలుగు నెలలు తిరిగేసరికి అదే ముక్కు మళ్లీ మూసుకుపోయింది. రెండోసారి వేరే ఊళ్లో వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాకే దాని అసలు పేరు విన్నాం, ఇన్వర్టెడ్ పాపిలోమా అని. ముక్కు, సైనస్‌ల లోపలి పొరలో పుట్టే గడ్డ అది, మామూలుగా క్యాన్సర్ కాదు. ఆ పద్నాలుగు నెలలూ ఊరికే పోయాయి, ఇంకో ఇంట్లో అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

నేను డాక్టర్‌ని కాను. రెండు ఆపరేషన్లూ, ఆ తర్వాత ఆరేళ్ల చెకప్‌లూ దగ్గరుండి చూసినదాన్ని, ప్రతి ఓపీకీ ప్రశ్నలు రాసుకుని వెళ్లినదాన్ని. ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైంది ముందే చెప్పేస్తాను. ఈ గడ్డ తిరగబెడుతుందా లేదా అన్నది ముఖ్యంగా రెండు విషయాల మీద ఉంటుంది. దాని వేరు ఎక్కడ పట్టుకుని ఉందో కనిపెట్టి అక్కడ ఎముక దాకా శుభ్రం చేశారా, ఆ తర్వాత ఏళ్ల తరబడి మీరు వదలకుండా చూపించుకున్నారా. హెచ్‌పీవీ, అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, ఉందా లేదా అన్న ప్రశ్న వీటి తర్వాతే. చాలామంది ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయి టెన్షన్ పడుతూ అసలు పని మర్చిపోతారు, మేమూ కొన్నాళ్లు అలాగే ఉన్నాం.

ఒక పక్కే దిబ్బడ అంటే ఊరుకోవద్దు

మామూలు పాలిప్స్, అంటే ముక్కులో పెరిగే మెత్తటి కండ, ఎక్కువగా రెండు ముక్కుల్లోనూ వస్తాయి, ఒలిచిన ద్రాక్షపళ్లలా పాలిపోయి నున్నగా ఉంటాయి. పాపిలోమా దాదాపు ఎప్పుడూ ఒక పక్కే ఉంటుంది. నాన్నకి ఎండోస్కోపీ చేస్తున్నప్పుడు స్క్రీన్ మీద నేనూ చూశాను, ఎర్రగా, కాస్త బూడిద రంగు కలిసి, పైన మల్బరీ పండులా గుళ్లు గుళ్లుగా ఉంది, గొట్టం కొస తగిలిన చోట సన్నగా రక్తం చిమ్మింది. ఎక్కువగా నలభై దాటినవాళ్లకి వస్తుంది, ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువ.

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. చల్లగా ఉన్న స్టీలు పళ్లెం వెనకభాగం ముక్కు కింద పెట్టి మామూలుగా ఊపిరి వదలండి. రెండు వైపులా ఆవిరి మచ్చలు పడాలి. నాన్న వదిలితే కుడివైపు రూపాయి బిళ్లంత మచ్చ పడేది, ఎడమవైపు పళ్లెం అద్దంలా మెరుస్తూనే ఉండేది. ఈఎన్‌టీ డాక్టర్లు కూడా చల్లటి స్టీలు పలకతో ఇదే చూస్తారు. దీంతో జబ్బు పేరు తేలదు గానీ, నెల దాటినా ఒక పక్క మచ్చ పడకపోతే, లేదా ఒక పక్క నుంచే రక్తం చారలు వస్తుంటే, ఇక స్ప్రేలతో కాలం గడపకుండా ఎండోస్కోపీ చేసే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. హైదరాబాద్ కోఠిలో, విశాఖపట్నంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రులు ఉన్నాయి, డబ్బుల గురించి ఆలోచిస్తూ నెలలు వాయిదా వేయాల్సిన అవసరం లేదు.

ముక్కులో కండ అంటే మన దగ్గర పాలిప్పూ పాపిలోమానే కాదు. చెరువుల్లో స్నానాలు చేసే అలవాటున్న ఊళ్లలో రైనోస్పోరిడియోసిస్ అని ఒకటి వస్తుంది, అది కూడా ఎర్రగా, పైన తెల్లటి చుక్కలతో ఉండి ముట్టుకుంటే రక్తం కారుతుంది, అదీ తిరగబెట్టేదే, కానీ దాని కథ వేరు. పదిహేనేళ్ల మగపిల్లాడికి ఒక పక్క ముక్కు మూసుకుపోయి తరచూ బాగా రక్తం కారుతుంటే అది యాంజియోఫైబ్రోమా అనే రక్తనాళాల గడ్డ కావచ్చు, అలాంటి పిల్లాడికి స్కాన్ చూడకుండా ఓపీలో ముక్క తీయనివ్వకండి, రక్తం ఆపడం కష్టమవుతుంది.

"కండ కరిగించే" చుక్కలు, పసర్లు, నూనెల గురించి అడుగుతారు కాబట్టి సూటిగా చెబుతున్నా. పాపిలోమా మందులతో కరగదు. స్టెరాయిడ్ స్ప్రేకి మామూలు పాలిప్ కుంచించుకుపోతుంది, ఇది కుంచించుకుపోదు. నిజానికి స్ప్రే సరిగ్గా వాడినా ఒక పక్క కొంచెం కూడా తగ్గకపోవడమే ఒక గుర్తు.

ఆపరేషన్‌కి ముందు

సీటీ స్కాన్ తీయిస్తారు. స్కాన్ ఫిల్ము చూడటం మనకి రాకపోయినా డాక్టర్‌ని ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "సార్, దీని వేరు ఎక్కడ ఉండొచ్చు?" పాపిలోమా ముక్కంతా నిండినట్టు కనబడుతుంది గానీ, చాలాసార్లు అతుక్కుని ఉండేది చిన్న చోటే. ఆ చోట కింది ఎముక మందంగా, ముల్లులా లేచి ఉంటుంది, సీటీలో అది కనబడుతుంది. నాన్న స్కాన్‌లో చెంప సైనస్ గోడ మీద అలాంటి చిన్న తెల్లటి మొన ఉంది. మొదటి ఆపరేషన్‌కి ముందు తీసిన స్కాన్‌లో కూడా అదే మొన ఉందని రెండో డాక్టర్ పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు మాకు నోట మాట రాలేదు.

ఎమ్మారై కూడా రాయొచ్చు. సైనస్‌లో ఉన్నది నిజంగా గడ్డా, లేక దారి మూసుకుపోవడంతో నిలిచిన చీమిడా అన్నది సీటీలో తేలదు, ఎమ్మారైలో తేలుతుంది. పాపిలోమా అయితే అందులో మెదడు ముడతల్లాంటి గీతలు కనిపిస్తాయి. ఖర్చు ఎక్కువే, కానీ గడ్డ కంటి వైపో, నుదుటి సైనస్ వైపో, మెదడు అడుగు వైపో పోయిందన్న అనుమానం ఉంటే మానొద్దు.

బయాప్సీ ముందే చేయించుకోవడం మంచిది. ఎందుకంటే పాపిలోమా అని ముందే తెలిస్తే ఆపరేషన్ ప్లానే మారిపోతుంది. పాలిప్ అనుకుని కనిపించిన కండ మాత్రం లాగేసిన రోజుల్లో సగం మంది దాకా మళ్లీ వచ్చేది. ఇప్పుడు ఎండోస్కోప్‌తో వేరు దాకా వెళ్లి, అక్కడి పొర మొత్తం ఒలిచి, కింది ఎముకని డ్రిల్‌తో అరగదీసే పద్ధతిలో తిరగబెట్టడం వందలో పది, పదిహేను మందికి తగ్గింది. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపేయకండి, గుండె డాక్టర్‌తో మాట్లాడి వాళ్లే చెబుతారు.

సర్జన్ని ఎంచుకునేటప్పుడు మొహమాటపడకుండా అడగండి. "ఇన్వర్టెడ్ పాపిలోమాలు మీరు చేస్తుంటారా, సైనస్ ముందు గోడ దాకా వెళ్లాల్సి వస్తే ఎలా చేస్తారు" అని. మంచి డాక్టర్ ఆ ప్రశ్నకి కోప్పడరు. మాకు ఆయన కాగితం మీద సైనస్ బొమ్మ గీసి మరీ చెప్పారు, ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో ఉంది. ప్రభుత్వ పథకం కింద చేయించుకునేవాళ్లు, అది ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అయినా తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ అయినా, ఆపరేషన్ అక్కడ వర్తిస్తుందా అని ఆసుపత్రిలో ఉండే ఆరోగ్య మిత్రని చేరకముందే కనుక్కోండి.

ఆపరేషన్ రోజు మీరు చేయాల్సిన ఒక్క పని

తీసిందంతా ల్యాబ్‌కి వెళ్లేలా చూసుకోండి. ముక్కులో ఆపరేషన్‌కి మైక్రోడీబ్రైడర్ అనే మిషన్ వాడతారు, అది కండని గీస్తూ పీల్చేస్తుంది, ఆ తురుము సక్షన్ సీసాలోకి పోతుంది. దాన్ని కూడా వడపోసి పట్టి పంపాలి. కారణం ఏంటంటే, పాపిలోమా ఉన్నవాళ్లలో వందకి సుమారు ఐదు నుంచి పది మందికి దానిలోనే ఎక్కడో ఒక మూల క్యాన్సర్ కలిసి ఉండటమో, తర్వాత మారడమో జరుగుతుంది. ఒక ముక్క పంపి మిగతాది పారేస్తే ఆ మూల ఏ సంచిలో పోయిందో ఎవరికీ తెలియదు.

నాన్న రెండో ఆపరేషన్‌కి థియేటర్ బయట నర్స్ నాకు మూడు ఫార్మలిన్ డబ్బాలు చూపించారు, ఒకదాని మీద "మిడిల్ మియాటస్" (ముక్కు పక్కగోడలో సైనస్‌లు తెరుచుకునే సందు), ఒకదాని మీద "చెంప సైనస్, అటాచ్‌మెంట్", మూడోదాని మీద "డీబ్రైడర్" అని నీలం ఇంకుతో రాసుంది. వేరున్న చోటుది విడిగా పంపడం అంటే అది. మీకు కుదిరితే ముందురోజే డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి.

డిశ్చార్జ్ సమ్మరీలో "నాసల్ మాస్ ఎక్సైజ్డ్" అని ఒక ముక్క రాసిస్తే ఒప్పుకోకండి. వేరు ఎక్కడుంది, ఎముక డ్రిల్ చేశారా, క్రౌజ్ స్టేజ్ ఎంత, ఈ మూడూ రాయించుకోండి. క్రౌజ్ స్టేజ్ అంటే గడ్డ ఎంతవరకు పాకిందో చెప్పే లెక్క: ముక్కులోనే ఉంటే 1, కళ్ల మధ్య సైనస్‌కో చెంప సైనస్ లోపలి గోడకో వెళ్తే 2, చెంప సైనస్ మిగతా గోడలకో నుదుటి, వెనక సైనస్‌లకో వెళ్తే 3, సైనస్‌లు దాటినా క్యాన్సర్ కలిసినా 4. ఐదేళ్ల తర్వాత వేరే డాక్టర్ ఎండోస్కోప్ పెట్టినప్పుడు ముందు ఎక్కడ చూడాలో ఆ మూడు ముక్కలే చెబుతాయి, ఎందుకంటే ఇది తిరగబెడితే ఎక్కువసార్లు పాత వేరు దగ్గరే తిరగబెడుతుంది.

రిపోర్టులో హెచ్‌పీవీ అని ఉంటే

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎక్కువమంది కంగారుపడేది ఇక్కడే.

నాన్న రిపోర్టులో "ష్నైడేరియన్ పాపిలోమా, ఇన్వర్టెడ్ టైప్" అని ఉంది, కింద హెచ్‌పీవీ టెస్ట్ సూచన ఉంది. ష్నైడేరియన్ అంటే ఇంకో కొత్త జబ్బేమో అని భయపడ్డాం. కాదు, ముక్కు, సైనస్‌ల లోపలి పొర పేరు అది, 17వ శతాబ్దపు కాన్రాడ్ విక్టర్ ష్నైడర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడి పేరు మీద పెట్టారు. చీమిడి మెదడులోంచి దిగుతుందని అప్పట్లో నమ్మేవారు, కాదు ఈ పొరలోంచే పుడుతుందని చూపించింది ఆయనే.

ఇక హెచ్‌పీవీ. మా చెల్లి ఫోన్లో వెతికితే మొదటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అనీ, శారీరక సంబంధం ద్వారా వస్తుందనీ వచ్చింది. దాంతో అమ్మ రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాన్న ముఖం దించుకుని కూర్చున్నారు, అరవై ఏళ్ల మనిషి, ఏ తప్పూ చేయకుండా. నాకు ఇప్పటికీ ఆ రెండు రోజులు తలుచుకుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది. మూడో రోజు అమ్మని కూడా తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన అమ్మ వైపు తిరిగి చెప్పారు: "అమ్మా, హెచ్‌పీవీ అంటే ఒక వైరస్ కాదు, రెండు వందలకి పైగా రకాలు. పిల్లల చేతుల మీద వచ్చే పులిపిర్లు కూడా ఇందులో ఒక రకమే. ముక్కులో ఇది కనబడిందని మనిషి మీద ఏ అనుమానమూ పెట్టుకోనక్కర్లేదు." ఆ మాట అమ్మకి డాక్టర్ నోటి నుంచే వినిపించాల్సి వచ్చింది, నేను వంద చెప్పినా సరిపోయేది కాదు. మీ ఇంట్లో కూడా రిపోర్ట్ ఒక్కరే చదువుకుని లోపల కుమిలిపోతుంటే, ఇద్దర్నీ కూర్చోబెట్టి డాక్టర్ చేత చెప్పించండి. కంచం, గ్లాసు, తువ్వాలు వేరు చేయాల్సిన పని అసలే లేదు.

విషయం ఏంటంటే, ముక్కు పాపిలోమాలు మూడు రకాలు. ముక్కు మధ్య గోడ మీద పులిపిరిలా బయటికి పెరిగేదాన్ని ఎక్సోఫైటిక్ అంటారు, దానికీ హెచ్‌పీవీ 6, 11 రకాలకీ సంబంధం గట్టిగానే ఉంది. ఈ రెండూ పులిపిర్లు పుట్టించే రకాలు, క్యాన్సర్ ముప్పు తక్కువ. రెండోది మన ఇన్వర్టెడ్, పక్కగోడ నుంచి మొదలై పొర లోపలికి మడతలు పడుతూ పెరుగుతుంది. మూడోది ఆంకోసైటిక్, అరుదు, దానిలో వైరస్ కనబడదు, కేఆర్‌ఏఎస్ అనే జన్యువులో మార్పు ఉంటుంది.

ఇన్వర్టెడ్ దగ్గరే గందరగోళం అంతా. ఒక పరిశోధనలో చాలావాటిలో హెచ్‌పీవీ దొరికిందంటారు, ఇంకోదానిలో అసలు దొరకలేదంటారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో చూస్తే, ఇన్వర్టెడ్ పాపిలోమాల్లో పదికి దాదాపు తొమ్మిదింట ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు కనబడింది, అంటే పెరుగుదలకి కారణం కణంలోనే ఉంది, వైరస్‌తో పనిలేదు. 2018లో వాళ్లే ఇంకో మాట చెప్పారు: ఆ మార్పు లేని పాపిలోమాల్లోనే హెచ్‌పీవీ ఉంటోంది, రెండూ ఒకే గడ్డలో కలిసి ఉండటం లేదు అని. అలా హెచ్‌పీవీ ఉన్నవాటిలో కొన్ని క్యాన్సర్‌తో ముడిపడి ఉన్నాయి కూడా. కాబట్టి పాజిటివ్ అంటే కొట్టిపారేయకూడదు, కొంచెం ఎక్కువ కన్నేసి ఉంచాలి. తిరగబెట్టడానికీ హెచ్‌పీవీకీ సంబంధం ఉందని కొన్ని పరిశోధనలు, లేదని కొన్ని చెబుతున్నాయి. నెగెటివ్ వచ్చింది కదా ఇక రాదు అని చెకప్ మానేస్తే మాత్రం నేరుగా నష్టపోయేది మీరే.

టెస్ట్ చేయించేటప్పుడు ఏ టెస్టో అడగండి. పీ16 అని ఒక రంగు పరీక్ష ఉంది, గొంతు టాన్సిల్ క్యాన్సర్‌లో అది హెచ్‌పీవీకి మంచి గుర్తు, కానీ ముక్కు పాపిలోమాలో నమ్మదగ్గది కాదు, వైరస్ లేకపోయినా రంగు పట్టొచ్చు. పీసీఆర్ అయితే వైరస్ డీఎన్ఏ కొంచెం ఉన్నా పట్టేస్తుంది, అంత సున్నితమైన పరీక్ష కాబట్టి ఊరికే అంటుకుని ఉన్నదాన్ని కూడా పట్టేస్తుంది. వైరస్ నిజంగా కణంలో పనిచేస్తోందా అన్నది ఆర్ఎన్ఏ ఇన్ సైటు హైబ్రిడైజేషన్ అనే పరీక్షతో బాగా తెలుస్తుంది. దీనికి కొత్తగా ముక్క తీయక్కర్లేదు, తీసిన కండని మైనంలో పెట్టి ల్యాబ్‌లో దాచిన పాత బ్లాక్ నుంచే చేస్తారు. అందరికీ ఈ టెస్ట్ అవసరం లేదు, డాక్టర్ అడిగితే చేయించండి, లేకపోతే ఆ డబ్బు చెకప్‌లకి దాచుకోండి.

టీకా గురించి కూడా. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్‌కి మన దేశంలో 2022లో అనుమతి వచ్చింది, అది 6, 11, 16, 18 రకాల నుంచి కాపాడుతుంది. కానీ టీకా రాకుండా ఆపుతుంది, వచ్చినదాన్ని తీసేయదు. నాన్నకి వేయించాలా అని అడిగితే వద్దన్నారు. ఇంట్లో తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్ల ఉంటే మాత్రం పిల్లల డాక్టర్‌ని అడగండి, అది ఈ ముక్కు గొడవతో సంబంధం లేకుండా చేయాల్సిన పని.

రిపోర్టులో హెచ్‌పీవీ కంటే ముందు వెతకాల్సిన మాట "డిస్‌ప్లేసియా". కణాలు దారి తప్పుతున్నాయని దాని అర్థం. మైల్డ్, మోడరేట్, సివియర్ అని ఉంటుంది. సివియర్ అన్నా, "కార్సినోమా" అన్నా ఇక అది వేరే దారి, క్యాన్సర్ డాక్టర్ కూడా చూడాలి. అనుమానంగా ఉంటే స్లైడ్లు, బ్లాక్‌లు ల్యాబ్ నుంచి తీసుకుని ఇంకో పెద్ద ఆసుపత్రి పాథాలజిస్ట్‌కి చూపించండి. అడిగితే ఇస్తారు, సంతకం పెట్టించుకుంటారు అంతే.

ఆ తర్వాత ఏళ్లు

మొదటి వారాల్లో ముక్కులో పక్కులు కడతాయి, డాక్టర్ ఎండోస్కోప్‌తో శుభ్రం చేస్తారు, నొప్పిగా ఉందని మానేయొద్దు. సెలైన్‌తో కడగమంటారు, దానికి కుళాయి నీళ్లు వద్దు, మరిగించి చల్లార్చిన నీళ్లే వాడండి. సిగరెట్, చుట్ట ఉంటే ఆపేయాలి, పొగ తాగేవాళ్లలో తిరగబెట్టడం ఎక్కువని కొన్ని పరిశోధనల్లో కనబడింది.

మాకు ఇచ్చిన లెక్క ఇది: మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత రెండేళ్లు ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే బయటపడతాయి, కానీ ఐదేళ్లు దాటాక వచ్చినవీ ఉన్నాయి, అందుకే ఐదేళ్లయ్యిందని ఫైలు అటక మీద పెట్టేయకండి. ప్రతిసారీ ఎండోస్కోపీ చేయాలి, టార్చ్ వేసి చూసి "బాగుంది" అంటే చాలదు. చెంప సైనస్ లోపలి మూలలు స్కోప్‌కి అందకపోతే ఎమ్మారై అడుగుతారు, మచ్చకట్టిన కండా మళ్లీ పెరిగిన గడ్డా అన్నది అందులో తేడా తెలుస్తుంది.

మధ్యలో ఒక పక్క మళ్లీ దిబ్బడ, రక్తం చారలు, ఒక కంటి నుంచి ఊరికే నీళ్లు కారడం, చెంప మొద్దుబారడం, పై పళ్లు కదలడం, వస్తువులు రెండుగా కనబడటం, వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకండి.

మా ఫైల్లో ఇవి ఉంటాయి: రెండు ఆపరేషన్ల నోట్స్, స్కాన్ సీడీలు, బయాప్సీ రిపోర్ట్, బ్లాక్ నంబర్, డాక్టర్ గీసిన ఆ సైనస్ బొమ్మ. ఫోన్లో కూడా అన్నిటి ఫొటోలు ఉన్నాయి, ఒకసారి వానలో ఫైలు తడిసినప్పటి నుంచి. నెలకోసారి మొదటి ఆదివారం పొద్దున అమ్మ వంటింట్లోంచి స్టీలు పళ్లెం పట్టుకొస్తుంది, నాన్న ఊపిరి వదులుతారు, రెండు మచ్చలూ సమానంగా ఉన్నాయా అని ఇద్దరూ వంగి చూసి నాకు ఫోన్ చేస్తారు. వచ్చే చెకప్ ఫిబ్రవరిలో.